నాన్న మరలో నమూనా

ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చింది కాబట్టి ఆమెను అందరూ పట్టభద్రమ్మ అనేవారు. ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. ఆరో నెల నిండితే గానీ అది ఖాయం కాదు. తెర మీద పుస్తకాలు చదువుకునే పరికరాలు తయారుచేసే కంపెనీ అది. అలాంటిదాన్ని ఎన్నడూ ముట్టని పాఠకుడు దాంట్లో ఏమేం కోరుకుంటాడో సోమవారానికి రాసుకు రమ్మని మేనేజరమ్మ పురమాయించింది. ఇంకా బజారులోకి రాని నమూనా ఒకటి చేతికిచ్చి, ఇవి రెండే ఉన్నాయి, కంటికి రెప్పలా చూసుకోమంది.

అలాంటి పాఠకుడి కోసం ఊరంతా గాలించక్కర్లేదు. ఇంటి ముందుగదిలోనే నాన్న పుస్తకాలు బైండు చేస్తాడు. అట్ట కట్టే ముందు ప్రతిదీ చదివేస్తాడు. బడి ఎనిమిదితో మానేసినా కూతురికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు.

శనివారం పొద్దున్నే నాన్న కళ్లజోడు సవరించుకుని, వేలు నాలుకకు అద్ది తెరను తోశాడు. తడికి అది బెదిరి ఏడు పేజీలు ఒక్కసారే దాటేసింది. ఎంత మిగిలిందో కుడిచేతి బొటనవేలికి తెలియాలన్నాడు. కునుకొస్తే మొహాన కప్పుకునేలా ఉండాలన్నాడు. ఎవరికి అరువిచ్చామో రాసుకునే చోటేదన్నాడు. చదివేవాణ్ణి పిలిస్తే వినపడే ఏర్పాటు కూడా చేయించమని అమ్మ వంటింట్లోంచి అంది. పట్టభద్రమ్మ అన్నీ బుద్ధిగా రాసుకుంది.

సాపుగా తిరగరాద్దామని లోపలికి వెళ్లి అరగంటకు వచ్చేసరికి బల్ల మీద నమూనా లేదు.

"నాన్నా, అదేదీ?"

"మరలో పెట్టానమ్మా. అట్ట కాస్త వంకరపోయింది. ఎవరు కట్టారో గానీ."

ఆ గదికి ఆచారమది. గడప తొక్కిన ఏ పుస్తకమూ ఇనుప నొక్కుడు మరలో ఒక పూట పడుకోకుండా బయటికి పోదు. అరచేతికి ఒదగాలని ఇంజనీర్లు ఏడాది పాటు తీర్చిన వంపును నాన్న మరను రెండు చుట్లు బిగించి సరిచేశాడు.

ఆమె గబగబా మర వదులు చేసింది. నమూనా పలకలా చదునుగా వచ్చింది. కింది మూల తెర చిట్లింది.

"పుస్తకమైతే ఏమీ అయ్యేది కాదమ్మా" అన్నాడు నాన్న నీరుగారిపోయి. మేనేజరమ్మతో తనే వచ్చి చెప్తానన్నాడు. ఆమె వద్దంది.

సోమవారం బస్సులో, చేయి జారి పడిందని చెబుదామా అని పదిసార్లు అనుకుంది. నోరు రాలేదు. జాబితాలో మొదటి వరుసలో, మరలో బిగించినా చిట్లకూడదు అని చేర్చింది. పక్కనే, పరీక్షించినది మా నాన్న అని రాసింది.

మేనేజరమ్మ చదివింది. చిట్లిన మూల చూసింది. సొరుగు లాగి, కొన్నవాళ్లు తిప్పి పంపిన పాత పరికరాలు పదకొండు బల్ల మీద పరిచింది. అన్నీ ఆ మూలనే చిట్లాయి.

"ఎత్తు నుంచి పడేశాం, నీళ్లలో ముంచాం, ఎండలో పెట్టాం. సంచీలో కుక్కితే, బస్సులో నలిగితే ఏమవుతుందో చూడాలని ఒక్కరికీ తట్టలేదు" అంది. "నీ ఉద్యోగం సంగతి నెలాఖరున చూద్దాం. ముందు మీ నాన్నగారి మర కొలతలు పట్టుకురా, అలాంటిదే ఇక్కడా చేయిద్దాం."

సాయంత్రం ఆ మాట చెబితే నాన్న జిగురు చేతులు తుడుచుకున్నాడు.

"కొలతలెందుకమ్మా, ఆ రెండో నమూనా కూడా ఇటే పంపమను."