వెంకీ రిపేరు చేసే వైఫై

అప్‌డేట్ పూర్తయి లాప్‌టాప్ మళ్లీ తెరుచుకునేసరికి మూలన ఉండాల్సిన వైఫై గుర్తు మాయమైపోయింది. ఉజ్వలకి ఆశ్చర్యం వేయలేదు, రోత పుట్టింది. పొద్దున్నే పాలగిన్నెలో బల్లి కనిపించినంత రోత. మొదటిసారైతే కదా కంగారు పడటానికి! అప్‌డేట్ వచ్చిందంటే చాలు, ఈ ఇంట్లో ఇదే తంతు.

సాయంత్రం నాలుగింటికి పదో తరగతి పిల్లలకి లెక్కల క్లాసు. అప్‌డేట్ల పుణ్యమా అని ఈమధ్య రెండు క్లాసులు ఆగిపోయాయి. ఆన్‌లైన్ క్లాసులు నడిపే సంస్థలో ఇన్‌ఛార్జి వసుమతి పోయిన నెలలోనే చెప్పేసింది: "ఇంకొక్కసారి ఆగితే బ్యాచ్ వేరేవాళ్లకి ఇవ్వాల్సి వస్తుందండీ. పేరెంట్స్‌కి నేను జవాబు చెప్పుకోలేకపోతున్నాను." మర్యాదగా చెప్పింది కాబట్టి ఇంకా గుచ్చుకుంది. ఒక్కొక్కరినే పోగు చేసుకుని తొమ్మిదో తరగతి నుంచి రెండేళ్లుగా పెంచుకున్న బ్యాచ్ అది. పోనీ ఫోన్లో చెబుదామా అంటే, లెక్క రాసి చూపించే డిజిటల్ పలక లాప్‌టాప్‌కే తగులుకుంటుంది. రాయకుండా లెక్కలెలా చెప్పాలి, హరికథలాగానా?

ఆ లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించిన మహానుభావుడు ఆమె మరిది వెంకీ. "పైసలు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనేటోళ్లు పాగల్‌గాళ్లు వదినా" అని ఒక ఉపన్యాసం ఇచ్చి మరీ ఎక్కించాడు. నాంపల్లి స్టేషన్ వెనక ఆ మూడు గదుల ఇంట్లో అతనికంటూ ఒక గది, ఒక మంచం, బారెడు పొద్దెక్కేదాకా నిద్ర. ఉద్యోగాల్లో చేరతాడు, అక్కడున్నవాళ్లంతా బుర్ర లేనివాళ్లని తేల్చేసి తిరిగొచ్చి మళ్లీ పడుకుంటాడు. ఉజ్వల మొగుడు, అంటే సొంత అన్న సిద్ధార్థ్, అతనితో మాట్లాడటం ఎప్పుడో మానేశాడు. పొద్దున్నే ఆఫీసుకు పోతూ ఆ గది వైపు చూడను కూడా చూడడు.

ఉజ్వల వెళ్లి లేపింది. "వెంకీ, వైఫై మళ్ల పోయింది."

దుప్పట్లోంచి మొహం బయటికొచ్చింది. నిద్ర ఎగిరిపోయి ఆ మొహం కళకళలాడింది, పెళ్లిచూపులకి రమ్మన్నట్టు.

"ఔనా! సిస్టమ్ నడిపే కర్నల్ మారి ఉంటది. డ్రైవర్ ఎగిరిపోయింది. నువ్వేం ముట్టకు వదినా, నేనొస్తున్న."

రావడమంటే స్నానం, టిఫిను, ఆ తర్వాత బజ్జీల బండి దాకా ఒక ప్రయాణం. చివరికి మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. బజ్జీ కొరికిన చేత్తోనే మీటలు టకటకా కొట్టసాగాడు. మీటల మీద నూనె మెరిసింది, సందుల్లో శనగపిండి పొడి రాలింది. చూస్తుంటేనే ఉజ్వలకి రోత. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు బారులు తీరి పరుగెత్తుతున్నాయి. వాటిలో సగం ఊరికే చూపించుకోవడానికేనని ఆమెకి ఎప్పటినుంచో అనుమానం.

అత్తగారు ప్రభావతి స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. ఇంట్లో కాలు నిలవనంత పని ఉన్నా, ఈ వినోదం మాత్రం ఆవిడ వదులుకోదు.

"పెద్ద బీమారేనా బిడ్డా?"

"పెద్దదే అమ్మా" అని దవాఖానలో డాక్టరులా నిట్టూర్చాడు వెంకీ. "చూడు వదినా, వైఫై చిప్పుకు, సిస్టమ్‌కు నడుమ మాట్లాడే ముక్కనే డ్రైవర్. సిస్టమ్ కొత్తదైతే ఆ ముక్కను మళ్ల తయారు చెయ్యాలె. దానికి ఫైళ్లు కావాలె, ఫైళ్లకు నెట్ కావాలె. నెట్టే లేదాయె! అబిడ్స్‌ల మా దోస్తు దగ్గర పెన్‌డ్రైవ్‌ల ఏసుకొస్త. గప్పటిదాంక ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు."

"మా వెంకీ లేకుంటే ఈ ఇంట్ల ఏది నడువది" అంది ప్రభావతి, కోడలికి వినిపించేలా.

అలా వెళ్లినవాడు మధ్యాహ్నమైనా రాలేదు. ఫోన్ చేస్తే, అబిడ్స్‌లో ట్రాఫిక్ అన్నాడు. మళ్లీ చేస్తే, దోస్తు ఐస్‌క్రీం కొట్లుండే మొజంజాహీ మార్కెట్ దగ్గరున్నాడని చెప్పాడు. వెనకనుంచి నవ్వులు, గాజు కప్పులో చెంచా చప్పుడు. ఐస్‌క్రీం తింటున్నాడు! ఇక్కడ ఈమె నోట్లో తడి ఆరిపోతుంటే, అక్కడ ఆయనగారు సీతాఫలం ఐస్‌క్రీం తింటున్నాడు.

"ఫికర్ చెయ్యకు వదినా. క్లాసు టైముకు వచ్చి సెట్ చేస్త."

ఆ ముక్క వింటే ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఎప్పుడూ అంతే. ఇల్లంతా ఊపిరి బిగబట్టుకున్నాక ఆఖరి ఘడియలో, ఒక్కోసారి అదీ దాటాక, దిగబడతాడు, చెమట తుడుచుకుంటూ.

ఇక పరువు చంపుకుని వసుమతికే ఫోన్ చేసింది, క్లాసు గంట వెనక్కి జరపమని బతిమాలుకుందామని. సంగతి విని వసుమతి అడిగింది: "ఫోన్‌ని చార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కి కలిపి చూశారా? ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ అని ఉంటుంది, ఆన్ చెయ్యండి. వైఫైతో పని లేకుండా వైరులోంచే నెట్ వస్తుంది. మా ఇంట్లో కరెంటు పోతే నేను చేసేది అదే."

కలిపింది. వచ్చింది. ఇంత చిన్న ఉపాయం ఇన్నాళ్లూ ఆ నిపుణుడి నోట ఒక్కసారైనా రాలేదు.

అయితే అలా వచ్చేది ఫోన్ డేటా, ఆ ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రం. వీడియో పెట్టి చూస్తే బొమ్మ బిగుసుకుపోయింది. క్లాసుకు పనికిరాదు కానీ, చదువుకోవడానికి సరిపోయింది. ఆ డ్రైవర్ తయారు చేసినవాళ్ల పేజీ వెతికి తీసింది. ఎక్కించడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఇప్పుడున్న సిస్టమ్‌కే పని చేస్తుంది, అప్‌డేట్ రాగానే పోతుంది. రెండోదానికి ఒక్క మెట్టు ఎక్కువ. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ డ్రైవర్ తనంతట తనే మళ్లీ తయారవుతుంది. అందరూ రెండోదే వాడాలని లావు అక్షరాల్లో రాసి ఉంది. గుడ్డివాడికైనా కనపడేంత లావు.

ఉజ్వల నల్ల తెర తెరిచి, పై బాణం మీట నొక్కుకుంటూ పోయింది. వెంకీ ఇంతకుముందు కొట్టిన ఆదేశాలన్నీ ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ప్రతిసారీ మొదటి పద్ధతే. ప్రతిసారీ!

తడిగుడ్డతో మీటలు తుడిచి, పేజీలో ఉన్నది ఉన్నట్టు కొట్టడం మొదలుపెట్టింది. ఒక చోట అక్షరం తప్పుపడితే తెర ఎర్రగా కేకలేసింది. దిద్దుకుని మళ్లీ కొట్టింది. ఫైళ్లు నత్తనడక నడుచుకుంటూ దిగాయి. అన్నీ అయ్యాక లాప్‌టాప్ ఆపి మళ్లీ తెరిచింది. మూలన వైఫై గుర్తు వెలిగింది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

సరిగ్గా అప్పుడే వెంకీ ఆయాసపడుతూ లోపలికొచ్చాడు, పెన్‌డ్రైవ్ పైకెత్తి పట్టుకుని. తెర చూసి చెయ్యి దించేశాడు.

"చూసినవా, నా కొడుకు వచ్చిండు, నెట్ వచ్చింది!" అంది ప్రభావతి వంటింటి గుమ్మంలోంచి.

"నేను చేసిన అత్తమ్మా."

"ఔ ఔ, వాడు చెప్తే చేసినవ్."

కాదనకుండా తల్లి ఇచ్చిన చాయ్ కప్పు అందుకుని వెంకీ తన గదిలోకి వెళ్లిపోయాడు. క్లాసు టైమైంది కాబట్టి బతికిపోయాడు, లేకపోతే ఉజ్వల ఆ కప్పు లాక్కునేది.

క్లాసు ఒక్కసారి కూడా ఆగలేదు. చివర్లో వసుమతి మెసేజ్ పెట్టింది, బ్యాచ్ మీకే ఉంటుందని. అది చదువుకుని ఉజ్వల నేరుగా వెంకీ గదిలోకి నడిచింది. అనాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకునే వెళ్లింది.

"రెండో పద్ధతి నీకు ఎర్కనా, లేదా?"

"ఎర్కనే."

"ఎప్పటిసంది?"

"మొదటిసంది." అతను ఆమె వైపు చూడలేదు. "ఇగ అప్‌డేట్ వచ్చినా పోదా వదినా?"

"పోదు."

వెంకీ మంచం అంచున కూర్చుండిపోయాడు. "పొద్దుగాల వచ్చి లేపినవ్ చూడు. ఈ ఇంట్ల నన్ను లేపేది వైఫై పోయిన గా ఒక్క దినమే. మిగతా దినాలు నేను లేస్తే ఎంత, లేవకుంటే ఎంత?"

జాలి పడాలి కాబోలు. ఉజ్వల ప్రయత్నించింది కూడా. కానీ ఆగిపోయిన ఆ రెండు క్లాసులు, వసుమతి ముందు తను నీళ్లు నమలడం, పిల్లల తల్లులకి చెప్పుకున్న క్షమాపణలు, అన్నీ కలిసి ఆ జాలికి అడ్డుపడ్డాయి.

"నిన్ను లేపనీకి నా కొలువు పోవాల్నా వెంకీ?"

వెంకీ చాలా చిన్న గొంతుతో అడిగాడు: "అయితే ఇగ పిలువవా?"

"పిలువను" అంది ఉజ్వల.

అన్నందుకు ఆమెకి బాధ కలగలేదు. ఆ రోజు మొత్తంలో ఆమెకి అన్నిటికన్నా రోత పుట్టించింది అలా బాధ కలగకపోవడమే.