దీవెన సాక్ష్యం

హాజరు చాలలేదని దీవెనను పరీక్ష హాలు గుమ్మంలోనే ఆపేశారు. ఆపింది ఎవరో కాదు, ఢిల్లీరావు సారే. వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్ మంచం మీద పడుకునే పిల్లకు హాజరు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఇలాంటి ఇల్లు వెతకనక్కర్లేదు. ఆ సంగతి సారుకి తెలీదా?

విద్యార్థులూ సిబ్బందీ నిర్ణయాల్లో భాగస్వాములని మా యూనివర్సిటీ కమిటీ వేసినప్పుడు దానికి పెద్ద ఈయనే. అప్పటికి కాంట్రాక్టు లెక్చరరు, మాతో నేలమీద కూర్చుని టీ తాగిన మనిషి. క్లాసువాళ్ళం మేం వంతులేసుకుని దీవెన మంచం దగ్గరికే పాఠం పట్టుకెళ్ళాలి. ల్యాబ్‌లో ఉమామహేశ్వరి మేడమ్ ప్రాక్టికల్స్ విడిగా చేయించాలి. అదంతా హాజరు కిందే లెక్క. ఇదీ ఆయనిచ్చిన మాట. మా వంతు మేం తప్పలేదు.

ఇంతలో యూనివర్సిటీకి గ్రేడిచ్చే తనిఖీ బృందం వచ్చింది. సారు దీవెనను స్టేజీ ఎక్కించారు. పూండి దగ్గరి ఆమె బాప్టిస్టు సంఘంలో సాక్ష్యమంటే ప్రార్థన ఫలించాక నిలబడి చెప్పేది. పిచ్చి పిల్ల, ఫలించకముందే చెప్పేసింది. సూదులు పొడిచిన చేయి చూపించి, "నన్నీ యూనివర్సిటీ ఇడిసిపెట్టలేదు" అంది. మేం చప్పట్లు కొట్టాం. తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

యూనివర్సిటీకి మంచి గ్రేడొచ్చింది. సారు ఉద్యోగం పర్మనెంటయింది. ఏరు దాటాక తెప్ప తగలేశారు.

ఈరోజు దీవెనను ఆపగానే పరీక్ష హాల్లో కుర్చీలు వదిలేసి అందరం వరండాలోకొచ్చి ఆయన్ని చుట్టుముట్టాం.

"మంసం కాడ పాఠం హాజరే అన్నారు గదా సార్?"

"నానేటి సేత్తానర్రా? రూల్సు పైవోళ్ళవి. పిల్లలున్నోణ్ణి."

"నానూ ఒకరి పిల్లనే గదా సార్" అంది దీవెన. "వచ్చే ఏడాది రాసుకో అంటన్నారు. నాకు వచ్చే ఏడాది ఉంటాదని ఎవులు సెప్పగలరు?"

సారు తల దించుకుని లోపలికి పోయారు. మేం వెళ్ళలేదు. గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాం. దీవెన లేచి నిలబడింది.

"ఆరోజు తప్పుడు సాక్ష్యం సెప్పినాను. ఈరోజు నిజం సెప్తాను."

ఆమె తర్వాత ఒక్కొక్కరం లేచి జరిగింది చెప్పాం. ఉద్యోగం పోతుందని పైవాళ్ళు కేకలేస్తున్నా ఉమామహేశ్వరి మేడమ్ వచ్చి మా మధ్య నిలబడింది.

"ప్రాక్టికల్సు నానే సేయించినాను. ఎక్కడడిగినా ఇదే సెప్తాను."

రెచ్చగొట్టిందని, పైవాళ్ళు పిలిపించిన పోలీసులు మేడమ్‌నే జీపెక్కించారు. దీవెన వెళ్ళి జీపు ముందు కూర్చుంది. ఆమె వెనక మేమంతా. హాల్లో ఖాళీ బల్లల మధ్య ప్రశ్నపత్రాల కట్టతో ఢిల్లీరావు సారు ఒక్కరే మిగిలారు.

"లెగండి!" అన్నాడు ఎస్సై.

"సాక్ష్యాలు ఇంకా అవ్వలేదండి" అంది దీవెన. "సెప్పాల్సినోలు సానామందున్నారు."