బొటనవేలి మచ్చ

వాడని కత్తిని తోలు ఒరలో ఉంచకూడదని తండ్రి నోరు నొప్పి పుట్టేలా చెప్పేవాడు. తోలు చెమ్మ పీలుస్తుంది, పాత కార్బన్ ఉక్కు ఇట్టే తుప్పు పడుతుంది. నలభై ఏళ్లు కొట్టు పెట్టి కత్తులకు సాన పట్టిన మనిషి మాట అది. అయినా వానల ముందు ఆయన మంచం పట్టాక, ఇల్లు సర్దుతూ, ఆయన వేటకత్తిని భద్రంగా ఉంటుందని ఒరలోనే దాచింది కూతురు చిట్టి. ఆమె తెలివి అలా ఏడ్చింది.

వానలు వెలిశాక తీసి చూస్తే ఉక్కంతా ఎర్రటి తుప్పు. ఏడాదిగా ఆయనకు ఏదీ గుర్తుండడం లేదు. కన్నకూతుర్నే ఎవరమ్మా అంటున్నాడు. ఆ కత్తి చేతికిస్తే మాత్రం, పిడికి కాస్త పైన, ఉక్కు మీద తన చెమటకు ఏళ్ల తరబడి నల్లబడిన బొటనవేలి మచ్చ మీద వేలు ఆనించి, "ఇది నాదే" అనేవాడు. వెంటనే, "చిట్టీ, కొట్టు తీశావా?" అని అడిగేవాడు. మంచం పట్టకముందు, ఆ ఒక్క పిలుపు కోసమే ఆమె వారం వారం కత్తి ఇచ్చి చూసేది.

"తుప్పు తియ్యి, నలుపు ముట్టకు" అన్నది కూడా ఆయన నేర్పిందే. పదిహేనేళ్లు పక్కన కూర్చుని నేర్చుకుంది. బాగుందన్న మాట మాత్రం ఒక్కనాడూ ఆయన నోట రాలేదు. పని కుదిరితే "ఊఁ" అనేవాడు, కుదరకపోతే రాయి మీద నీళ్లు చల్లి మళ్లీ ఆమె ముందుకు తోసేవాడు.

నూనె రాసి, మెత్తటి రాయితో మెల్లగానే మొదలుపెట్టింది. తుప్పు పోయింది, గుంటలు మిగిలాయి. గుంటలు పోవాలని ఇంకాస్త, మరకలు పోవాలని ఇంకాస్త. చూసి మురిసిపోతాడన్న ఆశ ఒకటి, ఆశ పాడుగాను! తోలుపట్టీ మీద నాలుగుసార్లు లాగి కాగితం మీద ఆనిస్తే చప్పుడు లేకుండా తెగింది. తళతళలాడే ఆ ఉక్కులో తన మొహం కనిపించాక గానీ మచ్చ సంగతి గుర్తు రాలేదు.

చేతులారా చెరిపేసుకుంది. కూర్చుని ఏడ్చింది. అయినా ఆశ చావక, కత్తి తీసుకెళ్లి తండ్రి చేతిలో పెట్టింది.

ఆయన బొటనవేలు అలవాటుగా పిడి పైకి పోయింది. అటూ ఇటూ తడిమింది. ఎక్కడా ఆగలేదు.

"కొత్తగా కొన్నారా అమ్మా?" మర్యాదగా అడిగాడు.

"నీదే నాన్నా."

"నాది కాదండీ. నాది నల్లగా ఉంటుంది." కిటికీ వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి పదును చూశాడు. "అబ్బ! ఇది మా చిట్టి సాన పట్టిందే అయ్యుంటుంది. నాకన్నా మంచి చెయ్యి దానిది. దానికి చెప్పకండేం, నెత్తికెక్కుతుంది."

ఆయన కత్తిని తిప్పి, పిడి ఆమె వైపు ఉండేలా జాగ్రత్తగా అందించాడు.

"అది కనిపిస్తే ఒకసారి ఇటు రమ్మనండి. చూసి చాలా రోజులైంది."

"అలాగేనండీ" అంది చిట్టి.