పద్దెనిమిది వేల స్టిక్కర్

నేను ఒక స్టిక్కర్ గన్‌ని. సూపర్ మార్కెట్లో డబ్బాల మీద ధరల చీటీలు టకటకా అంటించే పసుపుపచ్చ ప్లాస్టిక్ యంత్రాన్ని. ఈ క్షణాన మలావీ దేశంలో, లిలాంగ్వే నగరంలో, ధరల తనిఖీకి వచ్చిన అధికారి ఒకావిడ నన్ను బిల్లింగ్ కౌంటర్ మీద పెట్టి, నా పక్కన ఐదు లీటర్ల నూనె డబ్బా పెట్టింది. దాని మీది స్టిక్కర్‌ని గోటితో పీకింది. పద్దెనిమిది వేల క్వాచాలు. దాని కింద ఇంకొకటుంది. పన్నెండు వేల ఐదొందలు.

"సరుకు పాతది. ధర ఇవాళ్టిది. ఎవరు మార్చమన్నారు?" అంది.

ఆవిడ ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చింది. సగం దించిన షట్టర్‌ని బయటినుంచి జనం గుద్దుతున్నారు.

"చెప్పకపోతే స్టిక్కర్లు కొట్టినవాడిదే నేరం. వర్క్ పర్మిట్ రద్దు. విమానం ఎక్కించి పంపేస్తారు. మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టలేడు."

కొట్టినవాడి పేరు షేక్ బాజీ. ఇరవై నాలుగేళ్ళు. ఊరు చిలకలూరిపేట. వాడి చేతి చెమట ఇంకా నా పిడి మీద ఆరలేదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. చైనాలో ఒక ఫ్యాక్టరీ, ఒకే రోజు వేలమంది కవలలు. బేగంబజార్ హోల్‌సేల్ దుకాణం మీదుగా నరసరావుపేటలో ఒక మార్ట్‌కి చేరాను. అక్కడ నాకు పనే లేదు. ప్రతి ప్యాకెట్ మీదా ఎమ్మార్పీ అచ్చేసి వస్తుంది. విడి పల్లీలకీ బెల్లానికీ చీటీలు అంటించుకుంటూ బతికాను. ఆ మార్ట్ మేనేజర్ గోరంట్ల మురళీధర్‌కి ఆఫ్రికాలో ఒక సేఠ్ దుకాణంలో ఉద్యోగం దొరికింది. యజమానికి చెప్పకుండా నన్ను సూట్‌కేసులో వేసుకున్నాడు. అలా దొంగసొత్తుగా సముద్రం దాటాను.

ఇక్కడికొచ్చాక నా దశ తిరిగింది. ఈ దుకాణంలో అచ్చేసిన ధరంటూ లేదు. నేను కొట్టిందే ధర. డాలరు ముందు క్వాచా పడినప్పుడల్లా నా అంకెల చక్రాలు తిరుగుతాయి. ఒక్క పంచదార బస్తా మీదే ఏడాదిలో ఐదు స్టిక్కర్లు, ఒకదాని మీద ఒకటి.

మురళీధర్ పల్నాటి నుంచి ఐదుగురు కుర్రాళ్ళని రప్పించాడు. "నెలకి ఐదొందల డాలర్లురా, తిండీ గదీ ఫ్రీ" అన్నాడు. వచ్చాక జీతం క్వాచాల్లో ఇచ్చాడు, అదీ చేరిన రోజు రేటుకి. క్వాచా ఎంత పడినా ఆ రేటు మారదు. ఐదొందలు కాస్తా మూడొందలైంది, రెండొందలైంది. అయినా వాళ్ళు అతన్ని మురళన్న అనే పిలుస్తారు. పొద్దున్నే పళ్ళయినా తోమకుండా ఫోనులో డాలరు రేటు చూస్తారు.

"ఎంతరా ఇయ్యాల?"

"పడింది."

"మళ్ళానా? ఇంకా యాడికి పడుద్దిరా? దీనికి కింద నేలనేది లేదా?"

తమ జీతం కరిగిపోయిందని అలా ఏడ్చినవాళ్ళే పదింటికి నన్ను చేతబట్టి ఊళ్ళోవాళ్ళ జీతాలు కరిగిస్తారు. తేడా ఒక్కటే. రెండో పని చేసేటప్పుడు ఈలలు వేస్తారు.

ఇవాళ ఎనిమిదింటికి రేడియో ఆ కబురు చెప్పింది. ఒక్క ప్రకటనతో క్వాచా విలువ దాదాపు మూడో వంతు పోయింది. పాత సరుకు ధర ముట్టుకోవద్దని దుకాణాలకి హెచ్చరిక కూడా వచ్చింది. అయిదు నిమిషాల్లో మురళీధర్ కౌంటర్ దగ్గరికి ఉరికొచ్చాడు.

"ఒరే బాజీ, నూనె డబ్బాలన్నీ పద్దెనిమిది వేలకి కొట్టెయ్. జనం ఎగబడేలోపల అయిపోవాల."

"అన్నా, పాత సరుకు ముట్టుకోవద్దన్నారంట గదా?"

"రేడియో నీకు జీతమిస్తందా? సేఠ్ చూసి మురిసిపోవాల. కొట్టెయ్ రా!"

కౌంటర్ కింద ఒక డబ్బా విడిగా ఉంది. ఈ ఊరి పిల్ల, క్యాషియర్ చికొండీ, ఇవాళ జీతం అందగానే పాత ధరకి కొనుక్కుందామని దాచుకున్నది. మురళీధర్ దాన్ని కాలితో బయటికి లాగాడు.

"దీనికి గూడా."

"అది ఆ పిల్లదన్నా."

"ఆ పిల్ల నీ మేనత్త కూతురా?"

బాజీ తల వంచుకుని కొట్టాడు. టక్. మూరెడు దూరంలో ఉన్న చికొండీ చిల్లర సర్దుకుంటూనే ఉంది.

తనిఖీ అధికారి పీకింది సరిగ్గా ఆ డబ్బా స్టిక్కరే.

"నేను చెప్పలేదు మేడమ్. నేనిప్పుడే వచ్చాను" అన్నాడు సేఠ్. అది నిజమే.

"ఈ కుర్రాడు కొత్త, మేడమ్. తొందరపడ్డాడు" అన్నాడు మురళీధర్ ఇంగ్లీషులో. బాజీ వచ్చి రెండేళ్ళు దాటింది. మిగతా నలుగురు కుర్రాళ్ళూ, ఒకే కుక్కర్లో అన్నం తినేవాళ్ళు, నేల మీది గచ్చుని మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

బాజీ మాత్రం మురళీధర్ వంకే చూస్తున్నాడు. అన్న కదా, ఇప్పుడో ఇంకో క్షణానో ముందుకొచ్చి "నేనే చెప్పా" అంటాడని వాడి ఆశ. ఈ నమ్మకాన్ని ఏ ఫ్యాక్టరీలో తయారు చేస్తారో గానీ, గ్యారంటీ కార్డు మాత్రం ఇవ్వరు.

అన్న ముందుకొచ్చాడు. బాజీ భుజం మీద చెయ్యేసి, ఓదారుస్తున్నట్టు నవ్వుతూ తెలుగులో అన్నాడు: "నా పేరెత్తావంటే రేపట్నుంచి మెస్సులో ముద్ద దొరకదు. నీ తర్వాత నీ తమ్ముణ్ణి గూడా రప్పిద్దామనుకున్నా. ఆలోచించుకో."

పరాయి దేశంలో తెలుగు మాట్లాడితే చుట్టూ గోడ కట్టుకున్నట్టేనని వీళ్ళ ధీమా. బస్సులో అంతే, బ్యాంకులో అంతే. ఎదుటివాళ్ళకి చెవులుంటాయని తోచదు.

అధికారి బాజీ పర్మిట్ తీసుకుని పెన్ను మూత తీసింది.

చికొండీ లేచింది.

"వీడు పిరికివాడు మేడమ్. నేరం వీడిది కాదు" అంది ఇంగ్లీషులో. తర్వాత మురళీధర్ వైపు తిరిగి, పల్నాటి యాస కూడా చెదరకుండా తెలుగులో అప్పజెప్పింది: "రేడియో నీకు జీతమిస్తందా? కొట్టెయ్ రా!"

మురళీధర్ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇప్పుడన్నది గూడా చెప్పనా? మెస్సులో ముద్ద దొరకదు."

రెండేళ్ళుగా వీళ్ళు ఒకడు ధర అరిస్తే ఇంకొకడు నా చక్రాలు తిప్పారు. ఆమె వింటూ కూర్చుంది. ముందు అంకెలొచ్చాయి, తర్వాత తిట్లు, ఆ తర్వాత అన్నీ. నలుగురు కుర్రాళ్ళలో ఒకడికి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు.

"ఏ భాష ఇది? ఎవరన్నారు ఈ మాటలు?" అంది అధికారి.

చికొండీ బాజీని చూసి తెలుగులోనే అడిగింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? నీకు నోరుందా?"

బాజీ తన భుజం మీది చేతిని తీసి పక్కన పెట్టాడు, ధర తప్పు పడిన డబ్బాని అలమరలోంచి తీసినట్టు.

"రాసుకోండి మేడమ్" అన్నాడు. రెండేళ్ళలో మొదటిసారి అన్న అనే మాట తగిలించకుండా, షట్టర్ అవతలి జనానికి కూడా వినబడేలా పలికాడు.

"మురళీధర్. గోరంట్ల మురళీధర్."