బావి దగ్గర మునసబు

జీవమ్మ ఎద్దులబండి దిగేసరికి గుండుపల్లెలో ఐదుగురు పోయారు. ఆరో మనిషి బడి ముందు మంచం మీద ఉన్నాడు. ఊపిరి లేదు.

నంద్యాల ఆసుపత్రిలో ఆమె పదకొండేళ్లుగా నర్సు. కలరా ఆమెకు కొత్త కాదు. ఈసారి, 1943లో, తొలకరి వానల వెంటనే, ఆళ్లగడ్డ చుట్టుపక్కల వాంతిబేదులు మొదలయ్యాయి. డాక్టరమ్మ ఇంకో ఊరికి పోవలసి వచ్చి, ఆరు సెలైన్ సీసాలు చేతికిచ్చి జీవమ్మను ఇటు పంపింది.

మంచం మీది ముసలాయన ఎలా పోయాడో అక్కడి ఆడవాళ్లు చెప్పారు. పొద్దున హెల్త్ ఇన్‌స్పెక్టర్ కరుణాకర్ రోగులను ఇళ్లలోనే ఉంచమన్నాడు. మునసబు చెన్నకేశవులు ఊరి బయటికి చేర్చమన్నాడు. ఒకరి మాట మీద మోసుకుపోయి, ఇంకొకరి మాట మీద వెనక్కి తెచ్చి, మూడోసారి దించేసరికి మనిషి లేడు. నీళ్ల సంగతీ అంతే. ఇన్‌స్పెక్టర్ బావులన్నీ మూయమన్నాడు, మునసబు తెరవమన్నాడు. ఏం చేయాలో తెలియని జనం వంకలో బురదనీళ్లు ముంచుకుని తాగుతున్నారు.

జీవమ్మ ఆ ఇద్దరినీ బడి ముందుకు పిలిపించింది.

“ఈడ ఎవరి మాట వినాల? ఇద్దరిలో ఒకరు చెప్పండయ్యా. నేనూ ఆ ఒక్కరి మాటే వింటా.”

కరుణాకర్ తల తిప్పుకున్నాడు. మునసబు ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. నలభై ఏళ్ల మనిషి, ఊళ్లో సగం భూమి ఆయనదే.

“రోగం సంగతి మాకేం తెలుసు? నువ్వే చెప్పు నర్సమ్మా. చేయించేది నేను.”

“మాలపేటలో పుట్టినామె చెప్తే మనం...” అని వెనకనెవరో గొణిగారు. మునసబు వెనక్కి తిరిగి చూడగానే నోరు మూతపడింది.

“అట్లయితే నేను తప్ప ఇంకెవరూ చెప్పకూడదు. మీరు గూడా.”

“సరే.”

ఆమె గబగబా పనులు పంచింది. బడిలో బేతంచెర్ల బండలు పరిచి ఉన్నాయి, కడిగితే శుభ్రమవుతుంది కాబట్టి రోగులంతా అక్కడికే. సరోజమ్మ అనే విధవరాలు, ఆమె వెంట నలుగురు ఆడవాళ్లు నీళ్లు కాచాలి. రంగయ్య, ఇంకో ముగ్గురు శవాలు మోయాలి. వాళ్లు మరే పనీ ముట్టకూడదు, ఎవరి వంటింట్లోనూ అడుగుపెట్టకూడదు. కరుణాకర్ ఇల్లిల్లూ తిరిగి కొత్తగా జబ్బు పడినవాళ్లను పట్టుకురావాలి.

“వంకకు దూరంగా ఉండే తూర్పు బావి ఒక్కటే తెరుస్తాం. ఊరికీ పేటకూ అవే నీళ్లు. ఒక్క చేద, తోడేది ఒక్కరే. ఎవరి బిందె గూడా బావిలో దిగకూడదు.”

“పేటోళ్లకు గూడానా? తన్నుకుంటారు,” అన్నాడు మునసబు. “ఎవురు తోడాల?”

“మీరే.”

 ఆయన పైపంచె తీసి నడుముకు బిగించి బావి వైపు నడిచాడు. మొదటిరోజు రెండుసార్లు కర్రలు లేచాయి. రెండుసార్లూ ఆయన తాడు వదలకుండానే కేకేసి ఆపాడు. వంకకు పోయేవాళ్లు తగ్గారు.

మూడో రోజుకు ఒకే సీసా మిగిలింది. పైన వానపడి వంక పొంగింది, ఆళ్లగడ్డ నుంచి మందుల బండి రాలేదు. ఆ మధ్యాహ్నం గంట వ్యవధిలో ఇద్దరిని తెచ్చారు. ఒకరు పేటలోని కృపమ్మ. ఇరవై ఏళ్లుంటాయి, చంటిబిడ్డ తల్లి. రెండోవారు మునసబు తల్లి లింగమ్మ.

“పెద్దామెకు పెట్టమ్మా,” అన్నాడు కరుణాకర్ గొంతు తగ్గించి. “ఆయన బావి వదిలితే ఏమైతాదో తెలుసు గదా.”

జీవమ్మకు తెలుసు. కృపమ్మ మణికట్టు పట్టుకుంది. నాడి దారంలా ఆడుతోంది. లింగమ్మ చేయి పట్టుకుంది. మణికట్టులో లేదు, మోచేతి దగ్గరా తగల్లేదు. కళ్లు లోతుకు పోయాయి. జీవమ్మ కృపమ్మకు సూది గుచ్చి, సీసా సరోజమ్మ చేతికిచ్చి బావి దగ్గరికి తనే పోయింది.

మునసబు చేద పైకి లాగుతున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి.

“అయ్యా, మీ యమ్మ జబ్బు పడింది. ఒక్క సీసానే ఉండె. పేటలో కృపమ్మకు పెట్టి వచ్చినా.”

తాడు ఆగింది.

“మీవాళ్లకు పెట్టుకున్నావు.”

“నాడి ఉండేదానికి పెట్టినా. అమ్మకు దొరకల్యా.”

“నేనొచ్చి చూస్తా.”

“రండి, ఆపను. తాడు ఎవరికిస్తారో చెప్పి రండి.”

ఆయన వరస వైపు చూశాడు. ఒక పక్క ఊరివాళ్లు, ఇంకో పక్క పేటవాళ్లు, మధ్యలో ఖాళీ. ఎవరూ కదల్లేదు. చేదలో నీళ్లు ఎదురుగా ఉన్న బిందెలో పోసి మళ్లీ బావిలోకి వదిలాడు.

“పో. నా ముందర నిలబడొద్దు.”

లింగమ్మ పొద్దు వాలేలోపే పోయింది. పోయేముందు “నాయనా, కేశవా” అని రెండుసార్లు పిలిచింది. జీవమ్మ తడిగుడ్డతో ఆమె పెదాలు తుడుస్తూ కూర్చుంది. పిలవగలిగిన మనిషికి నాడి అసలే లేకుండా ఉంటుందా? 

ఆఖరి బిందె నింపాక మునసబు వచ్చాడు. తల్లికి స్నానం చేయిస్తానన్నాడు. కూడదంది జీవమ్మ. మోస్తానన్నాడు. రంగయ్యవాళ్లే మోయాలంది.

“నిప్పు పెట్టేది గూడా నేను కాదా?”

“మీరే. దూరంగా నిలబడి పెట్టండి. శవాన్ని ముట్టొద్దు. రేపు మీ చేతినీళ్లే ఊరంతా తాగాల.”

ఆయన అలాగే చేశాడు. తెల్లారేసరికి మళ్లీ బావి దగ్గరున్నాడు.

కృపమ్మ బతికింది. తర్వాతి వారంలో ముగ్గురే పోయారు. పదకొండో రోజున కొత్తగా ఎవరూ పడలేదు. పోయినవాళ్లు మొత్తం పంతొమ్మిది మంది. చుట్టుపక్కల ఊళ్లలో ఇంతకు రెండింతలు పోయారని కరుణాకర్ చెప్పాడు.

జీవమ్మ బండెక్కుతుంటే మునసబు వచ్చి చక్రం మీద చేయి పెట్టి నిలబడ్డాడు.

“నిజం చెప్పు. మా యమ్మకు నాడి దొరకల్యానా?”

“దొరకల్యా.”

“బాగా వెతికినావా?”

 “అప్పుడున్న టైములో వెతికినానయ్యా,” అంది.

 ఆయన చక్రం మీది చేయి తీసి, “తోలప్పా,” అన్నాడు బండివానితో.

ఆళ్లగడ్డ చేరేదాకా జీవమ్మ తన కుడిచేతి మూడు వేళ్లను ఎడమచేతి మణికట్టు మీద ఆనించుకునే కూర్చుంది. తన నాడి తనకే ఒకసారి దొరికేది, ఒకసారి దొరికేది కాదు.