కుంటలో దొరికిన పాదరసం

ఉక్కు కార్ఖానా ఊరికి వలస వచ్చిన నూకమ్మ అక్కడి సాక్చి బజారులో చేపలమ్మేది. ఆమె మొగుడు అసిరయ్య గోవింద్‌పూర్ దారిలోని కుంటలో వల వేసేవాడు. పదకొండేళ్లుగా ఆ కుంటే వాళ్లకు కూడు పెట్టింది.

పంతొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలంలో కుంట బాగా ఎండింది. ఒకరోజు వల దులుపుతుంటే బురదలోంచి తళతళలాడే బొట్టొకటి జారిపడింది. నూకమ్మ వేలితో ముడితే రెండుగా చీలి మళ్లీ కలిసిపోయింది. దాన్ని మందు సీసాలోకి ఎత్తి, ఆదివారం చర్చి నుంచి చేపలకు వచ్చిన ఆరోగ్యస్వామికి చూపించింది. అతను కార్ఖానా లేబరేటరీలో పనిచేస్తాడు. ఏలూరు వైపు మనిషి.

"ఏటి బాబూ ఇది? కరిగిన ఎండి గాదు గదా?"

"పాదరసం పిన్నీ" అన్నాడతను, సీసా వెలుతురుకు ఎత్తి. "ఎక్కడిది?"

ఆ సాయంత్రమే అసిరయ్యతో కలిసి కుంట దగ్గరికి వెళ్లి చూశాడు. గట్టు పైన పాదరసంతో నడిచే ప్రెషర్ మీటర్లు బాగుచేసే చిన్న షెడ్డుంది. దాని మురుగు నేరుగా కుంటలోకే దిగుతోంది. తిరిగొచ్చి వాళ్ల గడపలో కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. జపాన్‌లో ఒక ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లో చేరిందట. అవి తిన్నవాళ్లకు చేతులు వణికాయట, చూపు తగ్గిందట. తల్లులు బాగానే ఉన్నా పుట్టిన బిడ్డలకు అవకరాలు వచ్చాయట. లేబరేటరీకి వచ్చే పత్రికలో చదివానన్నాడు.

"బాగా కడిగి ఉడికిత్తే పోదా బాబూ?"

"పోదు పిన్నీ. అది కండలోనే ఉంటుంది. చిన్న చేపల్ని తిని బతికే వాటిలో ఇంకా ఎక్కువ. పెద్ద కొర్రమీనుల్లాంటి వాటిలో."

నూకమ్మ గుమ్మంలోంచి లోపలికి చూసింది. కోడలు పైడితల్లికి ఐదో నెల. ఒంటికి బలమని, పడినవాటిలో పెద్ద కొర్రమీనును అమ్మకుండా ఆ పిల్ల కోసం తీసిపెడుతున్నది తనే.

"కుంట ఇడిసేత్తే ఏటి తింటాం?" అన్నాడు అసిరయ్య.

"ముందు పిల్ల కడుపు సంగతి సూడు" అంది నూకమ్మ. మర్నాటి నుంచి అతను వలతో సువర్ణరేఖ నదికి వెళ్లసాగాడు.

ఆరోగ్యస్వామి సెలవు పెట్టి, రెండు కొర్రమీనులను ఐసులో కట్టుకుని కలకత్తా వెళ్లి, పెద్ద లేబరేటరీలో పరీక్షకు ఇచ్చాడు. మూడు వారాలకు జవాబొచ్చింది. పాదరసం ఉండకూడనంత ఉందని రాశారు. ఆ కాగితం చూపించాక షెడ్డువాళ్లు కాలువ మూసేశారు. ఇక్కడి చేపలు తినొద్దని కుంట గట్టున హిందీలోనూ తెలుగులోనూ బోర్డు లేచింది.

అయితే బజారంతా మాట పాకిపోయింది. నూకమ్మ తెచ్చినవి నది చేపలని ఎంత చెప్పినా ఎవరూ తట్టవైపు రాలేదు. రెండు వారాలు చేపలు తిరిగి ఇంటికే వచ్చాయి. తర్వాతి ఆదివారం ఆరోగ్యస్వామి తన భార్య ఆనందకుమారిని, చిన్నపాపను వెంటబెట్టుకుని వచ్చాడు. తట్ట ముందు నిలబడి, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా హిందీలో చెప్పాడు: "కుంట చేపల్ని పరీక్షకు ఇచ్చింది నేనే. ఇవి నదివి. మా పాపకు పెట్టేది ఇవే." ఆనందకుమారి వంగి చేపలు ఏరుకుంది. వెనకే చర్చివాళ్లు నలుగురు వచ్చారు. ఆ తర్వాత మిగతావాళ్లూ.

దసరా వెళ్లాక పైడితల్లికి ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మ బాగానే ఉందన్నా నూకమ్మకు నమ్మకం చాలలేదు. రోజూ పసిదాని వేళ్లు విప్పి చూసేది. దీపాన్ని కళ్ల ముందు అటూ ఇటూ తిప్పేది. పిల్ల బోర్లాపడింది, కూర్చుంది, గోడ పట్టుకుని లేచింది. అప్పుడు మనవరాలిని చంకనేసుకుని బర్మామైన్స్ పేటలో ఉన్న ఆరోగ్యస్వామి ఇంటికి నడిచింది.

"ఆ కొర్రమీన్లు ఒండి పెట్టింది నానే బాబూ. నువ్వు సెప్పకపోతే ఇంకా పెడుదును."

"నేను చదివింది చెప్పానంతే పిన్నీ. కూడు పెట్టే కుంటను వదులుకుంది మీరు."

"సదివినోళ్లు శానామంది ఉంటారు. మా గడపలో కూకుని సెప్పినోడివి నువ్వొక్కడివే" అంటూ ఆమె పిల్లను అతని చేతుల్లో పెట్టింది. ఆ పిల్ల అతని కళ్లజోడు లాగి గట్టిగా పట్టుకుంది. ఆనందకుమారి విడిపించబోతే నూకమ్మ ఆపింది.

"ఉండమ్మా. ఆ పట్టు కాసేపు సూడనీ."