గ్రేస్ మొహంలో వెలుగు

ఫోటోలు తీయడం తనకు బాగా వచ్చని ఎస్తేరు గట్టిగా నమ్మింది, గ్రేస్ పెళ్లి ఫోటోలు చూసుకునేదాకా.

జనగామలో వెంకట్రాం గారి స్టూడియోలో ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్‌లు తయారుచేసేది. ఎవరో తీసుకొచ్చిన ఫోటోల్లో మొహాలు తెల్లబరచడం, మచ్చలు చెరపడం, వెనకాల పూలు అతికించడం ఆమె పని. పిన్ని కూతురు గ్రేస్ పెళ్లి మహబూబాబాద్ చర్చిలో అని తెలియగానే, "ఈ పెళ్లి నేనే తీస్త సార్" అని పట్టుబట్టి కెమెరా భుజాన వేసుకుని వెళ్లింది.

గ్రేస్‌ది నిగనిగలాడే నలుపు. ఒంటి మీద తెల్లచీర, తల మీద తెల్లటి ముసుగు, వెనక సున్నం వేసిన గోడ. అంత తెలుపును చూసిన కెమెరా తనంతట తానే వెలుతురు తగ్గించేసుకుంది. గ్రేస్ మొహం చీకట్లో మునిగిపోయింది. ఎస్తేరు కంగారుపడి ఎదురుగా నిలబడి ఫ్లాష్ కొట్టింది. దాంతో చీర మీది కుట్టుపని మాయమైంది, మొహం బూడిద పూసినట్టు వచ్చింది.

ఆ ఫోటోలు చూసి గ్రేస్ కోప్పడలేదు.

"మంచిగనే తీసినవక్కా. నేనే గిట్లుంట గదా" అంది.

తిట్టినా అంత బాధ కలిగేది కాదు. గ్రేస్ అలా ఉండదు. నవ్వితే ఆ మొహంలోకి ఎంత కళ వస్తుందో ఎస్తేరుకు చిన్నప్పటినుంచీ తెలుసు. తప్పు ఎస్తేరుదైతే, ఆ పిల్ల తన రూపానిది అనుకుంటోంది.

మర్నాడే స్టూడియోలో పెద్ద కెమెరామన్ హరీష్ దగ్గరకు వెళ్లింది. "అన్నా, నాకు మొదటికెల్లి నేర్పు."

హరీష్ ఆ ఫోటోలన్నీ తిప్పి చూశాడు. నవ్వలేదు. "మొఖాలు తర్వాత తీద్దువు గని, ముందుగాల కదలని దాన్ని తియ్యి. భూపాలపల్లిల ఫంక్షనున్నది, నాతోని రా" అన్నాడు.

భూపాలపల్లిలో బొగ్గు గనులకోసం తవ్విపోసిన మట్టి గుట్టలై నిలిచింది. మిట్టమధ్యాహ్నం ఎస్తేరు వాటిని ఎన్నిసార్లు తీసినా, గోడకు అట్టముక్క అంటించినట్టే వచ్చాయి. విసుగొచ్చి కెమెరా సంచిలో పెట్టేసింది.

ఫంక్షన్ ముగిసేసరికి పొద్దు వాలింది. హరీష్ ఆమెను మళ్లీ అక్కడికే తీసుకెళ్లాడు. ఎండ ఇప్పుడు పక్కనుంచి పడుతోంది. వానలకు కోసుకుపోయిన చారలు, మడతలు ఒక్కొక్కటే లేచి నిలబడినట్టున్నాయి. ఎస్తేరు రోడ్డు దిగి పత్తిచేనులోకి నడిచింది. మోకాళ్ల మీద కూర్చుని, విచ్చుకున్న పత్తికాయలను ముందు పెట్టుకుని, వాటి మీదుగా గుట్టను చూసింది. ఇందాకటి అట్టముక్కకు ఒక్కసారిగా ఎత్తూ దూరమూ వచ్చేశాయి.

"అన్నా, గుట్ట గదే! ఎండ పక్కకు జరిగింది, అంతే!" అని అక్కడినుంచే అరిచింది.

"ఇగ సమజైంది నీకు" అన్నాడు హరీష్.

ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, దేవరుప్పులలో తల్లి సాలమ్మ వెంట పత్తి ఏరడానికి పొద్దున్నే పోయేది. పువ్వుల్లో వాలిన తేనెటీగలను దగ్గరనుంచి తీయాలని ఆమె పట్టుదల. అంత దగ్గరకు వెళితే గాలి కాస్త కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. రెక్క స్పష్టంగా వస్తే కన్ను మసకబారుతుంది.

"అవ్వా, జర గీ కొమ్మ పట్టుకో."

"పత్తి ఏరవస్తే పువ్వు పట్టుకోమంటవేంది బిడ్డా! మేస్త్రి చూస్తే ఏమంటడు?" అంటూనే సాలమ్మ కొమ్మ పట్టుకుంది. ఏరిన పత్తి నింపుకోవడానికి ఆమె నడుముకు కట్టుకున్న తెల్లటి ఒడి పువ్వు దగ్గరకు రాగానే, నీడలో ఉన్న రేకలు కూడా తేటపడ్డాయి. ఒడి మీద పడిన ఎండ వెనక్కి తిరిగి పువ్వు మీద పడుతోంది! ఎస్తేరు ఊపిరి బిగబట్టి తేనెటీగ కంటి మీద గురి కుదుర్చుకుని నొక్కింది. కాళ్లకంటిన పుప్పొడి రవ్వలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి.

ఆ సంతోషంలో తలెత్తేసరికి తల్లి మొహం కనిపించింది. లేత ఎండ ఒక చెంప మీద ఉంది. రెండో చెంపకు ఒడిలోని పత్తి వెలుగునిస్తోంది. ఎస్తేరు ఈసారి కెమెరా మాట వినలేదు. ఆకాశం తెల్లగా పాలిపోతే పోనీ అనుకుని, వెలుతురు కొలతను తల్లి మొహానికే సరిచేసి తీసింది.

తెరమీద చూసి అలాగే చేలో చతికిలబడింది. నలుపు అని తను ఇన్నాళ్లూ ఒక్క మాటలో తేల్చేసిన రంగులో రాగి ఉంది, తేనె ఉంది, కణత దగ్గర లేత నీలం కూడా ఉంది.

"ఏందే, ఖరాబైందా?" అంది సాలమ్మ.

"లేదవ్వా. వచ్చింది. ఇగ నాకు వచ్చింది!"

ఆ వారమే గ్రేస్ కాపురముంటున్న కేసముద్రం వెళ్లి, పెళ్లిచీర కట్టుకోమంది.

"మళ్ల ఎందుకక్కా? అయిపోయిన పెళ్లికి" అని గ్రేస్ గునిసింది.

ఎస్తేరు ఆమెను వసారాలో, సాయంత్రపు ఎండ పక్కనుంచి పడేచోట నిలబెట్టింది. మార్కెట్ యార్డు నుంచి అప్పుడే వచ్చిన గ్రేస్ పెనిమిటి చేతికి తెల్ల దుప్పటి ఇచ్చి, రెండోవైపు పట్టుకోమంది. వెంటనే తీయలేదు. చిన్నప్పుడు ఇద్దరూ దొంగతనంగా చింతకాయలు తిని, చర్చిలో పళ్లు పులిసి పాట పాడలేకపోయిన సంగతి గుర్తుచేసింది. గ్రేస్ పగలబడి నవ్వి, ఆ నవ్వు నెమ్మదిస్తూ కళ్లలో మిగిలినప్పుడు నొక్కింది.

గ్రేస్ కెమెరాను రెండు చేతులా దగ్గరకు తీసుకుని ఫోటో చూసింది. ఆ తర్వాత పెనిమిటిని కేకేసింది. "ఏమయ్యో, దుప్పటి అవతల పారెయ్యి! వచ్చి నన్ను చూడు!"

వెంకట్రాం కూడా ఆ ఫోటోను మెచ్చుకున్నాడు. "బయటి అద్దంల పెడదాం. జర తెల్లగ చెయ్యి" అన్నాడు.

"చెయ్య సార్. ఆమె రంగు గదే."

ఎస్తేరు అతనికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. వెంకట్రాం ఆమెనూ ఫోటోనూ మార్చి మార్చి చూశాడు. "సరే, గట్లనే పెట్టు. ఎవలన్న వంక పెడితే తీసేస్త."

ఎవరూ వంక పెట్టలేదు. బస్టాండుకు పోయేవాళ్లు ఆగి మరీ చూశారు. ఒకరోజు తరిగొప్పులనుంచి దీక్షిత అనే పెళ్లికూతురు తల్లిని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. ఆమెదీ గ్రేస్ రంగే.

"అద్దంల ఫోటో తీసిందెవలు?"

"నేనే" అంది ఎస్తేరు.

"నా ఫోటోలు తెల్లగ చేస్తరా?"

"చెయ్యను."

"గందుకే వచ్చిన. నా పెళ్లి నువ్వే తియ్యాలక్కా."

వెంకట్రాం ఆ పెళ్లి ఎస్తేరుకే అప్పగించాడు. లైట్లు పట్టుకోవడానికి హరీష్ తనంతట తానే బయలుదేరాడు.

ముహూర్తం వేళకు మండపం చుట్టూ వీడియోలవాళ్లు, ఫోన్లు ఎత్తిన చుట్టాలు గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఎస్తేరు వాళ్ల మధ్యలోంచి ముందుకు నడిచింది.

"జరుగున్రి అన్నా, జర జరుగున్రి! పెళ్లిపిల్ల మొఖం మీదికి వెలుగు రానియ్యిన్రి!"

జనం రెండుగా చీలి దారిచ్చారు. దీక్షిత తలెత్తి, చూపు నిలిపి, నిండుగా నవ్వింది.